పాత సినిమాలకి ధర ఎలా కడతారు?

మాయాబజార్ వెల ఎంతుంటుందని అడిగితే మా అమ్మమ్మ, "దానికి వెల కట్టగలమా?" అంది. వ్యాపారంలో మాత్రం కట్టక తప్పదు. 2022లో అమెజాన్, నాలుగు వేలకు పైగా సినిమాలున్న ఎం.జి.ఎం. సంస్థను 845 కోట్ల డాలర్లకు కొన్నది.

ముందుగా ఒక్కో సినిమాకి టీవీ, ఓటీటీ, రీమేక్ హక్కుల మీద ఏటా ఎంత వస్తుందో అంచనా వేస్తారు. రాబోయే ఆ డబ్బుని నేటి విలువకి మారుస్తారు. ఏటా 10 శాతం చొప్పున చూస్తే, పదేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు ఇవాళ దాదాపు 39 రూపాయలే. అందులోంచి ప్రింటు బాగుచేసే ఖర్చు తీసేస్తారు.

తర్వాత కాగితాలు చూస్తారు. హక్కులు ఎవరివి? ఇంకా ఎన్నేళ్లు ఉంటాయి? మన చట్టం ప్రకారం సినిమాకి కాపీరైట్, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 1957లో వచ్చిన మాయాబజార్‌కి ఆ గడువు 2017తో తీరింది.

మరి విలువ సున్నానా? కాదు. మంచి నెగెటివ్ ఎవరి దగ్గరుంటే వాళ్లే శుభ్రమైన కాపీ ఇవ్వగలరు. కానీ ఆదాయం రాని రీలుని ఖర్చుపెట్టి ఎవరు కాపాడతారు? మన మద్రాసులోనే 1921లో తీసిన మూకీ 'భీష్మ ప్రతిజ్ఞ' ఇవాళ చూద్దామన్నా లేదు. అందుకే పుణేలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ లాంటివి కావాలి. వాళ్లు దాచేది ధర చూసి కాదు.

ఈ లెక్కంతా చెప్పాక అమ్మమ్మ అన్నది ఒకటే: "నేను ముందే చెప్పాగా!"