సూరత్ పక్షులు మాంజాను ఎందుకు తప్పించుకోలేవు? ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు

సూరత్: మనకు సంక్రాంతి, గుజరాత్‌కు ఉత్తరాయణ్. గాజుపొడి పట్టించిన సూరతీ మాంజాకు గాలిపటాల ప్రియుల్లో ఎంతో పేరుంది. అదే దారం తగిలి ఏటా ఎన్నో పావురాలు, కొంగలు రెక్కలు తెగి నేలకూలుతున్నాయి. గాయపడిన పక్షులను కాపాడేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2017 నుంచి ‘కరుణా అభియాన్’ నిర్వహిస్తోంది. ఉదయం 9 గంటలలోపు, సాయంత్రం 5 గంటల తర్వాత గాలిపటాలు ఎగరవేయవద్దని ప్రజలను కోరుతోంది.

పక్షులు ఆ వేళల్లోనే ఎక్కువగా ఎందుకు ఎగురుతాయి? తెలుగులో ‘ఎందుకు’ అన్న మాట ‘దేనివల్ల’ అనీ అడుగుతుంది, ‘దేనికోసం’ అనీ అడుగుతుంది. జంతు ప్రవర్తనపై సాగే వాదాలు చాలావరకు ఈ రెండింటినీ కలిపేయడం వల్ల పుట్టేవే. డచ్ శాస్త్రవేత్త నికో టిన్‌బర్జెన్ 1963లో ఈ చిక్కును విడదీశారు. ప్రవర్తనను ఆ క్షణాన కలిగిస్తున్నదేమిటి? జీవి పెరుగుదలలో అది ఎలా రూపుదిద్దుకుంది? మనుగడకు ఎలా తోడ్పడుతుంది? జాతి పరిణామంలో ఎక్కడి నుంచి వచ్చింది? నాలుగూ వేర్వేరు ప్రశ్నలని, ఒకదాని జవాబు మరొకదాన్ని కొట్టివేయదని ఆయన వాదించారు. 1973లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు.

పావురాన్నే తీసుకుందాం. వెలుగు మార్పును కన్ను, మెదడులోని పీనియల్ గ్రంథి గుర్తించి దేహంలోని దినచక్రాన్ని సరిచేస్తాయి. రాత్రంతా పస్తున్న కడుపు దాన్ని మేతకు తరుముతుంది. ఇది తక్షణ కారణం. పగలు మేసి చీకటి పడేలోగా సురక్షితమైన చోటికి చేరిన పక్షి బతికే అవకాశం ఎక్కువ, ఇది ప్రయోజనం. మేత ఎక్కడ దొరుకుతుందో పిల్ల పక్షి గుంపు వెంట తిరిగి నేర్చుకుంటుంది. ఇక పూర్వచరిత్ర: ఊరపావురానికి మూలమైన అడవి పావురం కొండచరియల్లో గూడు కట్టేది. దాని సంతతికి నేటి బహుళ అంతస్తుల భవనాలే కొండచరియలు.

మరి దారాన్ని ఎందుకు తప్పించుకోవు? తెలివితక్కువ అనడం జవాబు కాదు. పావురం కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి. చుట్టూ విశాలంగా కనిపించినా, రెండు కళ్లకూ ఒకేసారి అందే మేర ముందువైపు ఇరుకైనది. సన్నటి దారం వేగంలో కనిపించదు. అనుభవంతో నేర్చుకుందామన్నా తొలి పాఠమే ప్రాణాంతకం. పైగా ప్రమాదం ముమ్మరంగా ఉండేది ఏటా కొద్ది రోజులే. పక్షుల పరిణామానికి కోట్ల ఏళ్ల చరిత్ర ఉంది. ఆకాశంలో గాజుదారం నిన్నమొన్నటిది.

వేళల నియమం మొదటి జవాబు మీదే నిలిచింది: పక్షి గడియారాన్ని మార్చలేం, మన గడియారాన్ని మార్చుకోగలం. నైలాన్, ఇతర కృత్రిమ దారాల మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశవ్యాప్తంగా నిషేధించడమూ అవసరమే. అయితే గాజుపొడి పూస్తే నూలు దారమైనా కోస్తుంది. పండుగ ముగిశాక చెట్లకూ కరెంటు తీగలకూ చిక్కి మిగిలిన దారానికి ఏ వేళలూ వర్తించవు. దాన్ని తీసేవరకు పక్షులకు ముప్పు తొలగదు.