గల్ఫ్ తీరంలో ఎన్లార్జర్: వాడని రోజుల సంరక్షణ

1971 డిసెంబరు 2న దుబాయిలో పతాకం కింద నిలుచున్న పాలకులను రమేశ్ శుక్లా తీసిన ఛాయాచిత్రం ఎమిరేట్ల ఆవిర్భావానికి గుర్తుగా నేటికీ కనిపిస్తుంది. అటువంటి పాత చిత్రాలను సేకరించి భద్రపరచడానికి న్యూయార్క్ యూనివర్సిటీ అబూదాబీలో ‘అక్కాసా’ అనే కేంద్రం ఏర్పడింది. నెగటివ్‌ను కాగితం మీదికి పెంచి చూపే ఎన్లార్జర్‌కు మాత్రం అంతటి ఆదరణ దక్కలేదు. ఒకప్పుడు డార్క్‌రూములలో విరివిగా కనిపించిన ఇటలీవారి డర్స్ట్ యంత్రాల తయారీ ఏనాడో ఆగిపోయింది. కాబట్టి చేతిలో ఉన్న పాత యంత్రాన్నే కాపాడుకోవాలి.

నిజానికి ఎన్లార్జర్ మొండిది. దీపం, కాంతిని సమంగా పరిచే కండెన్సర్, నెగటివ్ చట్రం, బెలోస్, కటకం, వీటిని మోసే స్తంభం – ఇంతే. వాడకంతో అరిగే భాగాలు తక్కువ. ఈ తీరంలో దాన్ని పాడుచేసేవి వాడని రోజులే.

ఎడారి అనగానే పొడిగాలి గుర్తొస్తుంది గాని, వేసవి రాత్రులలో దుబాయి, అబూదాబీ తీరాలలో తేమ 80 శాతం దాటడం మామూలే. గదిలో తేమ 65 శాతానికి మించి వారాల తరబడి నిలిస్తే కటకానికి బూజు పట్టవచ్చు. ఆ బూజు స్రవించే ఆమ్లాలు పైపూతనూ, క్రమంగా గాజునూ తినివేస్తాయి. ఆ మచ్చలు తుడిస్తే పోవు. ఏసీ నడిచినంతకాలం ఈ భయం తక్కువ. సెలవులకు ఊరెళుతూ ఏసీ ఆపి, తలుపులు బిగించి పోయే ఆ రెండు నెలలే అసలు గండం. బయలుదేరేముందు కటకాన్ని విప్పి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టాలి. చల్లని గదిలోని కటకాన్ని ఉక్కపోతలోకి తెస్తే క్షణంలో నీరు కమ్ముతుంది. అది బయటి వేడికి అలవాటుపడేదాకా డబ్బా మూత తీయరాదు.

యంత్రానికి ప్లాస్టిక్ సంచి తొడగడం చాలామంది చేసే పని. అది దుమ్మునాపుతుంది, తేమనూ బంధిస్తుంది. నూలుగుడ్డ ముసుగు మేలు. ఇక్కడి దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. గుడ్డతో రుద్దితే గాజు గీరుకుపోతుంది. ముందు రబ్బరు బ్లోయరుతో ఊదాలి. స్తంభానికి నూనె పూయడం కూడా మంచిది కాదు, దుమ్మంతా అక్కడే అంటుకొంటుంది. ఫిక్సర్, స్టాప్‌బాత్ సీసాలను యంత్రం పక్కన ఉంచరాదు. వాటి ఆవిరికి లోహం తుప్పుపడుతుంది.

ఇల్లు మారేటప్పుడు తలభాగాన్ని విప్పుతారు. దాని బరువును మోసే స్ప్రింగు ఉన్న నమూనాలలో ముందు ఆ స్ప్రింగును బంధించకపోతే, బరువు తొలగగానే పట్టు వదిలి చేతికి గాయం చేస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన యంత్రమైతే 120 వోల్టులది కావచ్చు. ఇక్కడి 220–240 వోల్టులకు తగిన ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

చాలాకాలం తరవాత యంత్రాన్ని బయటికి తీసినప్పుడు గదిని చీకటి చేసి, దీపం వెలిగించి, బెలోస్ మడతలలో సూదిబెజ్జాలున్నాయేమో చూడాలి. పిమ్మట ఒక నెగటివ్ పెట్టి, నాలుగు మూలలలోనూ గ్రెయిన్ ఒకే తీరుగా స్పష్టమవుతోందో లేదో గమనించాలి. ఒక మూల మసకబారితే వెంటనే కటకాన్ని అనుమానించనక్కరలేదు. చట్రం, కటకపు పలక, అడుగుబల్ల ఒకదానికొకటి సమాంతరంగా ఉన్నాయా అన్నది ముందు తేల్చుకోవాలి. దానికి వడ్రంగి వాడే చిన్న రసమట్టం చాలు.