దవడ పన్నుకు తెల్ల ఫిల్లింగు ఆగుతుందా?

మా లేపాక్షిలో శెనక్కాయలు వేయించని ఇల్లుండదు. పోయిన సంక్రాంతికి వేయించినవి గుప్పెడు నోట్లో వేసుకున్న మా అత్తగారు బుగ్గ పట్టుకుని కూర్చుండిపోయారు. దవడ పన్ను పుచ్చింది. హిందూపురం వెళ్దామంటే, "వెనక పల్లే గదమ్మా, ఎవురికి కనపడుతుంది? పీకిచ్చేస్తే సరిపాయ!" అన్నారు.

నాకు చురుక్కుమంది. పదేళ్ల కిందట నేనూ అదే మాటని పన్ను పీకించుకున్నాను. పక్క పన్ను ఆ సందులోకి ఒరిగింది. ఇప్పటికీ ఒకవైపే నములుతున్నాను.

ఎలాగో బయల్దేరదీశాను. పంటి రంగులో ఉండే కాంపోజిట్ ఫిల్లింగు పెడతానన్నారు డాక్టరుగారు. అత్తగారికి అనుమానం. "సంగటి మింగేదానికి పల్లక్కర్లే. శెనక్కాయలకు ఇది ఆగుతుందా నాయనా?"

ఒకప్పుడైతే ఆ అనుమానం నిజమే. కాంపోజిట్ అంటే రెసిన్ అనే జిగురులో సన్నటి గాజుపొడి కలిపిన ముద్ద. మన వాకిట్లో గచ్చు సంగతే చూడండి. ముందు సిమెంటు అరుగుతుంది, కంకర పైకి తేలుతుంది, తర్వాత ఒక్కో రాయీ ఊడొస్తుంది. ఇదీ అంతే. 1970లలో వాడినవాటిలో పలుకులు పెద్దవి. నమిలే చోట ఏడాదికి 100 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో పదోవంతు దాకా అరిగిపోయేవి. ఇప్పటి పలుకులు ఒక మైక్రాన్ కన్నా సన్నం, ఒత్తుగా ఇమిడి ఉంటాయి. మంచి రకమైతే ఏడాదికి సుమారు 10, 20 మైక్రాన్లే అరుగుతుంది. మన సొంత పంటి ఎనామిల్ అరుగుదలా దాదాపు అంతే!

మరి ఎందుకు పాడవుతున్నాయంటారా? ఎక్కువగా పగిలిపోవడం వల్ల, లేదా అంచుల్లో మళ్లీ పుచ్చడం వల్ల. పెట్టేటప్పుడు ఉమ్మి తగిలితే అతుకు పట్టదు. మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్ల పొరలుగా పెట్టి, ఒక్కో పొరనూ నీలికాంతితో గట్టిపరచాలి. అందుకని "ఇంట్లో పనుంది, త్వరగా కానివ్వండి" అని డాక్టరును తొందరపెట్టకండి. నిద్రలో పళ్లు కొరికే అలవాటుంటే ముందే చెప్పండి. గుంట మరీ పెద్దదైతే క్యాపు మేలేమో అడగండి. మన అనంతపురం సీమలో ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ నీళ్లతో గారపట్టిన పళ్లకు అతుకు అంత గట్టిగా పట్టకపోవచ్చు. ఆ సంగతీ అడగాలి.

వెండి రంగు ఫిల్లింగు గట్టిదే, కానీ బరువులో సగం దాకా పాదరసం. దాని వాడకం తగ్గించాలని 2013లో మినమాటా ఒప్పందం కుదిరింది. 2018లో మన దేశమూ అందులో చేరింది. అంటే ముందుముందు మనకు ఎక్కువగా దొరికేది తెల్లదే.

ఆరునెలలయింది. అత్తగారు రెండువైపులా శెనక్కాయలు నములుతున్నారు. నేనే ఒకవైపు!

పిల్లల పళ్లకు పరుగెత్తుతాం, మన పన్ను దగ్గరికొచ్చేసరికి 'తర్వాత చూద్దాంలే' అంటాం. కనపడని పన్నే కదా అని వదిలేయకండి. అన్నం నమిలి పెట్టేది అదే!