స్పినారులు – వాని తెగలు



ఒక వస్తువును పూర్తిగా ఒక చుట్టు త్రిప్పినచో అది మొదట నున్నట్లే యుండునని మనమందఱము నమ్మియున్నాము. తిరుగలిరాయి యైనను, బండిచక్రమైనను ఇంతే. కాని ఒక చుట్టు తిరిగినపుడు ధనము ఋణముగా గుర్తు మాఱి, రెండవ చుట్టు ముగిసిన పిదప గాని యథాస్థితికి రాని రాశి యొకటి గణితమున గలదు. దానిని స్పినారు అందురు. ఫ్రాన్సు దేశపు గణితజ్ఞుడు ఏలీ కార్టాను 1913లో ఇట్టి రాశులను కనుగొనెను.

ఇది వట్టి గారడి యనుకొనవలదు. ఇంటియందే పరీక్షింపవచ్చును. ఉత్తరీయపు ఒక కొనను స్తంభమునకు గట్టి, గుడ్డను కొంచెము వదులుగ నుంచి, రెండవ కొనను వెడల్పుగ సాచి పట్టుకొని, ఆ కొనను ఒక చుట్టు త్రిప్పుడు. గుడ్డకు మెలి పడును. ఇక ఆ కొనను త్రిప్పక, దాని మొగము ఏ దెసకున్నదో ఆ దెసకే యుంచి, చేతిని గుడ్డకు పైగాను క్రిందుగాను ఎటు జరిపినను మెలి విడదు. మరల మొదటినుండి రెండు చుట్లు త్రిప్పి, ఆ కొనను గుడ్డ నడిమిభాగము చుట్టును ఒకమాఱు దాటింపుడు. మెలి పూర్తిగా విడిపోవును. చేసి చూచినగాని నమ్మశక్యము కాదు. కావున ఈ ప్రసంగము ముగిసిన వెంటనే ఉత్తరీయము తీసి చూడవలసినదని నా మనవి.

ప్రకృతిలో ఇట్టిది కలదా? కలదు. ఇంగ్లండు పండితుడు పాల్ డిరాక్ 1928లో ఎలక్ట్రానునకు వ్రాసిన సమీకరణము స్పినారుతోడిదే. న్యూట్రాను అను కణమును అయస్కాంతబలముచే త్రిప్పి 1975లో చేసిన ప్రయోగములందు, ఒక చుట్టునకు గుర్తు మాఱుట ప్రత్యక్షముగ గనబడినది.

ఇక తెగల మాట. డిరాక్ స్పినారును నాలుగు గళ్ల చిట్టా యనుకొనుడు. ఒక్కొక్క గడిలో రెండేసి సంఖ్యలు, మొత్తము 8. ఈ చిట్టాను సగము చేయుటకు రెండు త్రోవలు గలవు.

మొదటిది జర్మనీ పండితుడు హెర్మన్ వైల్ 1929లో చూపినది. స్పినారును కుడిచేతి పాలు, ఎడమచేతి పాలు అని విడదీసి ఒక్క పాలునే గ్రహించుట. ప్రకృతి కుడియెడమల భేదము చూపదని తలచి ఆనాటివారు దీనిని ప్రక్కకు నెట్టిరి. చీనాలో జన్మించి అమెరికాలో పనిచేసిన చియెన్-షియుంగ్ వూ అను విదుషి కోబాల్టు పరమాణువులపై జరిపిన ప్రయోగముచే, 1957లో ప్రకృతికి ఆ భేదము కలదని వెల్లడియైనది. వైల్ లెక్కకు అంతవఱకు వేచియుండవలసి వచ్చినది.

రెండవ త్రోవ ఇటలీవాడైన ఎత్తోరె మయొరానా 1937లో చూపినది. కణమును, దాని ప్రతికణమును వేఱుకాక ఒకటే యైనచో గడికి ఒక్క సంఖ్య చాలును. ఈ మేధావి మఱుసటి యేట పాలెర్మో రేవునుండి నేపుల్సునకు ఓడలో బయలుదేరి జాడ తెలియకుండ పోయెను. న్యూట్రినో అను కణము మయొరానా తెగకు చెందినదేమో యని నేటికిని వెదకుచున్నారు.

ఈ రెండు సగములను ఒక్కమాఱే చేయరాదా యని తాము అడుగవచ్చును. పొడవు, వెడల్పు, ఎత్తు, కాలము అను నాలుగు మితులు గల మన లోకమున అది పొసగదు. ఏదో ఒకటే చేయవలెను. గణితజ్ఞులు ఊహించు లోకములలో 2 మితులందును, 10 మితులందును రెండును పొసగును. ఎనిమిది మితులకొకమాఱు ఈ వరుస మరల వచ్చును. పది మితులలో చిట్టాకు 32 గళ్లు, 64 సంఖ్యలు. రెండుమాఱులు సగము చేయగా 16 మిగులును.

ఈ లెక్క యేల? కణములు రెండు జాతులు. మన సత్యేంద్రనాథ బోసు పేర బోసానులు. వెలుగు ఈ జాతిది. ఎన్రికో ఫెర్మి పేర ఫెర్మియానులు. ఎలక్ట్రాను ఈ జాతిది, స్పినారులు దీని సొత్తు. ఈ రెంటికిని జత కూర్చు సిద్ధాంతము సూపర్ సిమెట్రీ. తెలుగున మహాసౌష్ఠవ మనవచ్చును. నాలుగు మితులలో దీనిని జూలియస్ వెస్, బ్రూనో జూమినో అనువారు 1974లో చక్కగ నిరూపించిరి. దీని ప్రకారము బోసానునకెన్ని రీతులో జతయైన ఫెర్మియానునకును అన్నియే యుండవలెను.

వెలుగు వంటి బోసానునకు మితులకంటె రెండు తక్కువ రీతులు: నాలుగింట 2, పదింట 8. ఇది బారువడ్డీ. స్పినారు రెండేసి మితులకు రెట్టింపగును. ఇది చక్రవడ్డీ. ఒకటి రెండవదానిని ఎంత త్వరగ మించునో అప్పుపత్రము వ్రాసినవారికి నేను చెప్పనక్కఱలేదు. అందుచేతనే చిట్టాను సగము చేయగల త్రోవలకు ఇంత విలువ. స్పినారు సంఖ్యలలో సగమే నిజమైన రీతులు. నాలుగు మితులలో 4కు సగము 2, సరిపోయినది. పదింట 16కు సగము 8, సరిపోయినది. 3 మితులలో ఒకటికి ఒకటి, 6 మితులలో నాలుగునకు నాలుగు. రెండుకు మించిన మితులలో ఈ నాలుగుచోట్లనే జమయు ఖర్చును తమంత సరిపడును. అయిదు మితులలో వెలుగుకు 3, స్పినారునకు 4. బోసాను ప్రక్క మఱొక కణమును చేర్చినగాని పద్దు కుదరదు.

గురుత్వాకర్షణమును గూడ చేర్చినచో హద్దు 11 మితులు. 1978లో క్రెమ్మెర్, జూలియా, షెర్క్ అను మువ్వురు అట్టి సిద్ధాంతమును నిర్మించిరి. అందు బోసానుల వైపు 44ను 84ను కలిసి 128; ఫెర్మియానుల వైపును 128. ఇంత పెద్ద పద్దు ఒక్క యంకె తేడా లేక కుదురుట నాకెప్పుడును అబ్బురమే. అంతకు మించిన మితులలో స్పినారు మరీ పెరిగిపోవుటచే పద్దు నిలువదని వెర్నర్ నామ్ ఆ యేడే చూపెను.

అయినను అంకెలు కుదిరినంతమాత్రమున ప్రకృతి ఒప్పుకొన్నట్లు కాదు. జెనీవా చెంత భూగర్భమున 27 కిలోమీటర్ల వలయముగల యంత్రములో 2012లో హిగ్స్ బోసాను దొరకినది. ఎలక్ట్రానునకు జతయని ఈ సిద్ధాంతము చెప్పు బోసాను మాత్రము ఇంతవఱకు అందును చిక్కలేదు, మఱెందును చిక్కలేదు.