పురిటిగదికి తిరిగి వచ్చిన మంత్రసాని

పురుడు పోయుట ఒకప్పుడు అన్ని దేశములందును ఊరి మంత్రసాని పనియే. అమెరికాలో సైతము 20వ శతాబ్ది ఆరంభమున దాదాపు సగము కాన్పులు మంత్రసానుల చేతులమీదుగానే జరుగుచుండెను. ఆస్పత్రులు పెరిగిన కొలదియు ఆ వృత్తి క్షీణించినది. 1960 నాటికి అచ్చట నూటికి 95కు పైగా కాన్పులు ఆస్పత్రులలోనే జరిగినవి. ఆస్పత్రి వైద్యమువలన ఎందరో తల్లుల ప్రాణములు దక్కినవి. అయితే మత్తు ఇచ్చుట, పటకారుతో బిడ్డను లాగుట సహజ కాన్పులకును వాడుకయైనవి. అయినవారెవ్వరును పురిటిగదిలో ఉండుటకు వీలులేకపోయెను.

దీనిపై అసంతృప్తితో 1970 ప్రాంతమున కొందరు స్త్రీలు ఇంటివద్దనే పురుడు పోయించుకొన పూనుకొనిరి. ఇదియే గృహప్రసవోద్యమమునకు ఆరంభము. 1971లో టెన్నెసీ రాష్ట్రమున 'ది ఫార్మ్' అను సమష్టి గ్రామము వెలసినది. శాన్ ఫ్రాన్సిస్కో నుండి బస్సులలో బయలుదేరిన ఆ జనమునకు దారిలోనే కాన్పులు వచ్చినవి. ఇనా మే గాస్కిన్ అను ఆమె మంత్రసాని పనికి పూనుకొనెను. ఆమె ధైర్యము నొక్కదానినే నమ్ముకొనలేదు. అత్యవసర విధానములను వైద్యుని వద్ద నేర్చినది. బిడ్డ భుజములు చిక్కుకొన్నపుడు తల్లిని చేతులు, మోకాళ్లపై వంగియుండునట్లు చేయు పద్ధతి గ్వాటిమాలా దేశపు ఆదివాసీ మంత్రసానులు ఎరిగినదే. దానిని ఆమె గ్రహించి ప్రచారము చేయగా, నేడది ఆమె పేరిటనే వైద్యగ్రంథములకెక్కినది.

ఉద్యమమునకు ఆటంకములు లేకపోలేదు. 1974లో కాలిఫోర్నియాలోని శాంతాక్రూజ్ పట్టణమున, లైసెన్సు లేకుండ వైద్యము చేసిరని మంత్రసానులను నిర్బంధించిరి. మంత్రసానులకు లైసెన్సు ఇచ్చు చట్టమును ఆ రాష్ట్రము 1993లో చేసినది.

ఫార్మ్ మంత్రసానులు 1971 నుండి 1989 వరకు చూచిన 1,707 మంది గర్భిణుల వివరములను పరిశీలించి, ఫలితములను 1992లో ప్రకటించిరి. వారిలో సిజేరియన్ అవసరమైనది నూటికి 1.46 మందికే, పోల్చి చూచిన ఆస్పత్రి కాన్పులలో అది 16.46. తల్లీబిడ్డల క్షేమమున మాత్రము చెప్పుకొనదగిన తేడా కానరాలేదు. ఈ ఫలితమునకు కారణములు మూడు: గర్భిణిని నెలనెలా పరీక్షించుట, అపాయము తోచినవారిని ముందుగనే వేరుపరచుట, అవసరమైనపుడు ఆలస్యము చేయక ఆస్పత్రికి పంపుట.

ఈ విషయముతో మనకేమి పని యని అడుగవచ్చును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము సిజేరియన్ కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4, తెలంగాణలో 60.7. ఒక దేశమున ఇవి నూటికి 10 దాటిన పిమ్మట, ఇంకను పెరిగినందువలన మరణములు తగ్గిన జాడ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో తెలిపినది. అనవసరపు కోతవలన తల్లికి నొప్పియు, కుటుంబమునకు ఖర్చును మిగులును; మరుకాన్పునకు చిక్కులు పెరుగును. అందువలననే 2018లో భారత ప్రభుత్వము నర్సులకు 18 నెలల శిక్షణ ఇచ్చి, ఆస్పత్రులలోనే మంత్రసాని సేవలను నెలకొల్పుటకు మార్గదర్శకములు వెలువరించినది.

కావున పంచాయతీ సభ్యులు శిక్షణ లేని ఇంటి కాన్పులను ప్రోత్సహింపరాదు. ఉపకేంద్రమున గర్భిణులకు రక్తపోటు, రక్తహీనత పరీక్షలు క్రమముగా జరుగుచున్నవో లేదో విచారింపవలెను. వానకాలపు రాత్రియందైనను 108 వాహనము ఊరిలోనికి వచ్చునట్లు దారి బాగుచేయింపవలెను. కోత ఏల అవసరమైనదో వైద్యుని అడుగు హక్కు తమకు గలదని ప్రతి కుటుంబమునకు తెలియజెప్పవలెను. ఈ మూడును పంచాయతీకి సాధ్యమైన పనులే.