పట్టణ నిరాశ్రయులకు వసతి: నిధుల తీరు, పురపాలక సంఘాల బాధ్యత

(ప్రత్యేక వ్యాసం)

ఇల్లు లేని వారందరూ ఒకే కోవకు చెందిన వారు కారు. సొంత ఇల్లు లేక అద్దె ఇంట కాలం గడిపే కుటుంబం వేరు. వరదకు ఇల్లు మునిగి పది రోజులపాటు బడిలో తలదాచుకునే కుటుంబం వేరు. రైల్వే స్టేషను ఆవరణలోనో, మూసిన దుకాణం అరుగుపైనో ప్రతి రాత్రీ గడిపే మనిషి వేరు. ఈ మూడు వర్గాలకూ ప్రభుత్వ నిధులు వేర్వేరు పద్దుల నుండి వస్తాయి. మొదటి వర్గానికి గృహనిర్మాణ పథకాలు, రెండవ వర్గానికి విపత్తు సహాయ నిధి, మూడవ వర్గానికి పట్టణ నిరాశ్రయుల వసతి గృహాలు ఉద్దేశించబడ్డాయి. మూడవ వర్గానికి సంబంధించిన బాధ్యత నేరుగా పురపాలక సంఘాలు, నగరపాలక సంస్థలపై ఉన్నది. ఆ బాధ్యత ఎలా ఏర్పడింది, దానికి నిధులు ఏ రీతిన సమకూరుతాయి, ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాలకు అది ఎంతవరకు వర్తిస్తుంది అనే అంశాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నిరాశ్రయులు ఎవరు?

జనగణనలో ఇళ్లు లేని వారిని ఒకే రాత్రి ప్రత్యేకంగా లెక్కిస్తారు. 2011 జనగణనలో ఫిబ్రవరి 28 రాత్రి ఈ లెక్క సాగింది. దేశం మొత్తం మీద సుమారు 17.73 లక్షల మంది ఇళ్లు లేని వారు ఉన్నట్లు తేలింది. 2001లో ఈ సంఖ్య సుమారు 19.43 లక్షలు. పదేళ్లలో మొత్తం సంఖ్య తగ్గినప్పటికీ పట్టణాలలో మాత్రం 7.78 లక్షల నుండి 9.38 లక్షలకు పెరగడం గమనార్హం. పల్లెలో పని తగ్గినప్పుడు పట్టణానికి తరలివచ్చిన వ్యక్తికి కూలి దొరకవచ్చు గాని, అద్దెకు గది దొరకడం కష్టం. నిరాశ్రయుల సమస్య ప్రధానంగా పట్టణ సమస్యగా మారుతున్నదని ఈ అంకెలు సూచిస్తున్నాయి.

జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు ఈ నిర్వచనాన్ని మరింత విస్తృతం చేశాయి. సొంత ఇల్లు గాని, అద్దె ఇల్లు గాని లేకుండా కాలిబాటలు, పార్కులు, రైల్వే, బస్సు స్టేషన్లు, ప్రార్థనా స్థలాలు, నిర్మాణ స్థలాలు, వంతెనల కింద నిద్రించే వారు పట్టణ నిరాశ్రయులే. కాలిబాటల మీద, కాలువగట్ల వెంబడి ప్లాస్టిక్ పట్టాలు, తాటాకులు కప్పుకొని ఉండే వారు కూడా ఈ కోవలోకే వస్తారు. ఇక్కడ ప్రమాణం వ్యక్తి స్వగ్రామం కాదు. రాత్రి నిద్రించే చోటు. అందుచేత ‘వీరు మా ఊరి వారు కారు’ అన్న కారణంతో ఏ పట్టణమూ ఈ బాధ్యతను తోసిపుచ్చడానికి వీలులేదు.

సుప్రీంకోర్టు ఆదేశాలు, జాతీయ మిషన్

నిరాశ్రయుల కొరకు కేంద్ర పథకం కొత్తది కాదు. కాలిబాటలపై నివసించే వారికి వసతి, పారిశుధ్య సౌకర్యాలు కల్పించేందుకు 1988-89లోనే కేంద్ర ప్రభుత్వం ఒక పథకాన్ని ప్రారంభించింది. కేంద్ర రాయితీతో పాటు హడ్కో రుణం ఆధారంగా సాగిన ఆ పథకం 2005లో నిలిచిపోయింది. రుణం తెచ్చి కట్టిన వసతి గృహం నుండి ఆ రుణం తీర్చేటంత ఆదాయం రాదన్న సంగతి స్పష్టమే.

ఆహార హక్కుపై సుప్రీంకోర్టులో విచారణలో ఉన్న వ్యాజ్యంలో భాగంగా 2010లో నిరాశ్రయుల అంశం ముందుకు వచ్చింది. చలికాలంలో ఢిల్లీలో ఒక తాత్కాలిక వసతి తొలగింపుతో మొదలైన ఆ విచారణ ఇతర రాష్ట్రాలకూ విస్తరించింది. పట్టణ జనాభాలో ప్రతి లక్ష మందికి ఒక వసతి గృహం ఉండాలని, అది ఏడాది పొడవునా, రేయింబవళ్లు తెరచి ఉండాలని అప్పుడే ప్రమాణం ఏర్పడింది. జీవించే హక్కును ప్రసాదించిన రాజ్యాంగం 21వ అధికరణం ఈ ఆదేశాలకు ఆధారం.

2013 సెప్టెంబరులో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో పట్టణ నిరాశ్రయుల వసతి ఒక ప్రత్యేక విభాగంగా చేరింది. 2016లో ఈ మిషన్‌కు దీన్‌దయాళ్ అంత్యోదయ యోజన అనే పేరు జతపడింది. అమలు నత్తనడకన సాగుతున్నదని గుర్తించిన సుప్రీంకోర్టు 2016 నవంబరులో ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కైలాష్ గంభీర్ నాయకత్వాన ఒక కమిటీని నియమించి, రాష్ట్రాలలో వసతి గృహాల స్థితిగతులను పరిశీలింపజేసింది. రాష్ట్రంలో ఈ మిషన్ అమలు బాధ్యతను పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) నిర్వహించింది. వసతి గృహాల ప్రతిపాదన, స్థల కేటాయింపు, నిర్వహణ మాత్రం ఆయా పట్టణ స్థానిక సంస్థల విధి. 74వ రాజ్యాంగ సవరణతో చేరిన 12వ షెడ్యూలులో పట్టణ పేదరిక నిర్మూలన పురపాలక సంఘాల అంశాలలో ఒకటిగా ఉండటమే ఇందుకు మూలం.

వసతి గృహంలో ఉండవలసినవి

మార్గదర్శకాల ప్రకారం లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడే శాశ్వత వసతి ఉండాలి. ఒక్కొక్క గృహంలో 50 నుండి 100 మంది వరకు ఉండవచ్చు. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల స్థలం కేటాయించాలి. గాలి, వెలుతురు, తాగునీరు, స్నానపు గదులు, మరుగుదొడ్లు, పరుపులు, దుప్పట్లు, ప్రథమ చికిత్స పెట్టె, అగ్నిమాపక ఏర్పాట్లు, వంటకు చోటు, సామాను భద్రపరచుకొనే పెట్టెలు ఉండాలి. పురుషులకు, స్త్రీలకు, కుటుంబాలకు వేర్వేరు ఏర్పాట్లు అవసరం. ఆదుకునే వారు లేని వృద్ధులు, మానసిక వ్యాధిగ్రస్తులు, ఆసుపత్రి నుండి బయటపడి కోలుకుంటున్న రోగులకు ప్రత్యేక గృహాలు నెలకొల్పవచ్చు.

స్థలం ఎంపిక అన్నింటికంటే ముఖ్యం. నిరాశ్రయులు పని దొరికే చోటికి దగ్గరలోనే నిద్రిస్తారు. తెల్లవారుజామున లారీ దించవలసిన హమాలీ, ఊరి చివర కట్టిన వసతి గృహానికి నడచి వెళ్లడు. అందువల్లనే రైల్వే స్టేషను, బస్సు స్టాండు, టోకు మార్కెట్ల సమీపంలో ఈ గృహాలు ఉండాలని మార్గదర్శకాలు సూచించాయి. వసతి గృహం చిరునామా ఆధారంగా ఆధార్, రేషను, ఓటరు గుర్తింపు వంటివి ఇప్పించడం కూడా నిర్వాహకుల బాధ్యత. చిరునామా లేకపోవడం వలన పింఛను మొదలు బ్యాంకు ఖాతా వరకు ఏదీ పొందలేని వారికి ఇది పడకతో సమానమైన సహాయం.

నిధుల లెక్క

మిషన్ నిధులలో మొదట కేంద్రం వాటా 75 శాతం, రాష్ట్రం వాటా 25 శాతంగా ఉండేది. 2015-16 నుండి ఈ నిష్పత్తి 60:40గా మారింది. కొత్త భవన నిర్మాణానికి, పాత భవనం మరమ్మతుకు రాష్ట్రస్థాయి కమిటీ మంజూరు చేసిన మొత్తం విడతలవారీగా స్థానిక సంస్థకు అందేది. నిర్వహణకు 50 మంది ఉండే గృహానికి ఏడాదికి 6 లక్షల రూపాయల చొప్పున ఐదేళ్లపాటు సహాయం అందించాలని మార్గదర్శకాలలో నిర్ణయించారు.

ఈ 6 లక్షలను విడదీసి చూస్తే విషయం తేటపడుతుంది. నెలకు 50 వేల రూపాయలు. మనిషికి నెలకు వెయ్యి రూపాయలు. రాత్రికి సుమారు 33 రూపాయలు. మేనేజరు, షిఫ్టులవారీ సంరక్షకుల జీతాలు, విద్యుత్తు, నీరు, దుప్పట్ల ఉతుకు, క్రిమి సంహారం అన్నీ ఈ మొత్తంలోనే సర్దుకోవాలి. నివాసుల నుండి వారి ఆదాయంలో ఇరవయ్యవ వంతు నుండి పదవ వంతు వరకు రుసుము తీసుకొనే వెసులుబాటు ఉన్నది గాని, కూలి దొరకని రోజున ఆ రుసుమును ఆశించలేము.

భవనానికి నిధి ఒకసారి వస్తే చాలు. వసతికి నిధి ఏటా కావాలి. ఐదేళ్ల సహాయం ముగిసిన తరువాత ఆరవ ఏడు సంరక్షకుని జీతం ఎవరు ఇస్తారన్నదే ఈ పథకం భవిష్యత్తును నిర్ణయించే ప్రశ్న.

ఏలూరు, తాడేపల్లిగూడెం

ఏలూరు పురపాలక సంఘం 1866లో ఏర్పడింది. 2005లో నగరపాలక సంస్థగా స్థాయి పెరిగింది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఏలూరు జిల్లాకు ఇదే కేంద్రం. 2011 జనగణన నాటికే పట్టణ జనాభా 2 లక్షలు దాటింది. ఆ తరువాత శివారు గ్రామాల విలీనంతో మరింత పెరిగింది. 2011 జనాభానే ప్రాతిపదికగా తీసుకున్నా ఏలూరులో కనీసం 200 మందికి వసతి ఉండాలి. ఏలూరు, పవర్‌పేట రైల్వే స్టేషన్లు, బస్సు స్టాండ్లు, ప్రభుత్వ ఆసుపత్రి పరిసరాలు ఇందుకు అనువైన స్థలాలు. ఆసుపత్రిలో రోగి వెంట వచ్చి ఆరుబయట నిద్రించే సహాయకుల అవసరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

పశ్చిమ గోదావరి జిల్లాలోని తాడేపల్లిగూడెం 2011లో లక్ష జనాభా గల పట్టణం. విజయవాడ–విశాఖపట్నం ప్రధాన రైలు మార్గంపై ఉన్న ఈ పట్టణం ఉల్లి, బెల్లం టోకు వ్యాపారానికి పేరు పొందినది. మార్కెట్లలో ఎగుమతి, దిగుమతి పనులు రాత్రి, తెల్లవారుజాము వేళలలోనే ఎక్కువ. ప్రమాణం ప్రకారం ఇక్కడ 100 మందికి వసతి అవసరం.

పై లెక్కన ఏలూరుకు ఏడాదికి 24 లక్షలు, తాడేపల్లిగూడేనికి 12 లక్షల రూపాయలు నిర్వహణకు కావాలి. ఇది 2013 నాటి ధరలపై వేసిన లెక్క. నేటి వేతనాలకు, ధరలకు అనుగుణంగా దానిని పెంచవలసి ఉంటుంది. అయినప్పటికీ పట్టణ బడ్జెట్లు మోయలేని భారం కాదు. కాకపోతే బడ్జెటులో దానికొక పద్దు ఉండాలి.

కొల్లేటి లంకల సంగతి

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న కొల్లేరు సరస్సులోకి తమ్మిలేరు, బుడమేరు, రామిలేరు, గుండేరు వంటి ఏరులు నీటిని చేరవేస్తాయి. ఆ నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రంలో కలుస్తుంది. రాక ఎక్కువై, పోక తక్కువైనపుడు లంక గ్రామాలను నీరు చుట్టుముడుతుంది. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద చివరకు చేరినది కొల్లేటికే.

లంక గ్రామాలు గ్రామీణ ప్రాంతాలు గనుక పట్టణ నిరాశ్రయుల వసతి పథకం అక్కడ వర్తించదు. వరద వేళ పునరావాస శిబిరాలకు 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద, కేంద్ర రాష్ట్రాలు 75:25 నిష్పత్తిలో సమకూర్చే రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుండి ఖర్చు చేస్తారు. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో ఆ శిబిరాలు నడుస్తాయి. నీరు తీసిన తరువాత శిబిరం మూతపడుతుంది. శాశ్వత గృహానికి గ్రామీణ గృహనిర్మాణ పథకాలు వేరుగా ఉన్నాయి. 1999లో అభయారణ్యంగా ప్రకటించబడి, 2002లో రామ్‌సర్ జాబితాలో చేరిన ఈ సరస్సులో ఐదవ కాంటూరు లోపల భూవినియోగంపై ఆంక్షలు ఉండటం వలన కొత్త ఇళ్ల స్థలాల కేటాయింపు కూడా అంత సులభం కాదు.

అయితే లంకల నుండి పని వెదుక్కుంటూ ఏలూరు చేరిన కూలీ స్టేషను వద్ద నిద్రించిన మొదటి రాత్రి నుండే పట్టణ నిరాశ్రయుడవుతాడు. అతని బాధ్యత విపత్తు నిధి నుండి నగరపాలక సంస్థకు మారుతుంది. శిబిరం మూసినపుడు ఇంటికి తిరిగి వెళ్లలేని వారి వివరాలను రెవెన్యూ సిబ్బంది సమీప పట్టణ అధికారులకు తెలియజేస్తే ఈ రెండు పద్దుల నడుమ ఎవరూ జారిపోకుండా చూడవచ్చు.

మిషన్ ముగిసిన తరువాత

జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. అదే నెలలో ప్రారంభమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండవ దశలో అందుబాటు ధరల అద్దె ఇళ్ల విభాగం ఉన్నది. వలస కార్మికులు, ఉద్యోగినులతో పాటు నిరాశ్రయులను కూడా అందులో లబ్ధిదారులుగా పేర్కొన్నారు. క్రమంగా ఆదాయం సంపాదించుకొనే వారికి ఇది వసతి గృహం నుండి అద్దె గదికి చేరే మెట్టు కాగలదు. వృద్ధులకు, రోగులకు, ఆదాయం లేని వారికి వసతి గృహం అవసరం మాత్రం కొనసాగుతుంది.

స్థానిక సంస్థలకు గల ఇతర వనరులలో ఆర్థిక సంఘం నిధులు ప్రధానమైనవి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి సిఫారసు చేసిన గ్రాంట్లలో షరతులు లేని భాగాన్ని 12వ షెడ్యూలులోని అంశాలపై స్థానిక అవసరాల మేరకు వెచ్చించే వీలు కల్పించింది. కాని జీతభత్యాలకు, కార్యాలయ ఖర్చులకు వాడరాదని నిబంధన విధించింది. మరమ్మతులకు, మరుగుదొడ్లకు, పరుపులకు ఇటువంటి గ్రాంటు ఉపకరించవచ్చు. రాత్రి తలుపు తెరచి ఉంచే సంరక్షకుని జీతం మాత్రం పురపాలక సంఘం సాధారణ నిధి నుండే రావాలి. వసతి గృహానికి ఆయువుపట్టు ఆ జీతమే.

అధికారులు ఏటా బడ్జెటు తయారీ వేళ మూడు విషయాలను సరిచూసుకోవడం అవసరం. మొదటిది, రాత్రి వేళ జరిపిన సర్వేలో తేలిన నిరాశ్రయుల సంఖ్య. రెండవది, ఆ సంఖ్యకు తగిన పడకలు వారు నిద్రించే చోటికి దగ్గరలో ఉన్నాయా అన్నది. మూడవది, సంరక్షకుల జీతాలకు ప్రత్యేక పద్దు కేటాయించారా అన్నది. పాత్రికేయులు వసతి గృహాల పనితీరును పరిశీలించేటపుడు కూడా ప్రారంభోత్సవ శిలాఫలకంపై ఉన్న తేదీ కంటే ఈ మూడు అంశాలే నిజమైన కొలమానాలు. అర్ధరాత్రి వచ్చిన మనిషికి తలుపు తీసే వారుంటేనే ప్రజాధనంతో కట్టిన ఆ భవనం వసతి గృహం అనిపించుకుంటుంది.