రాజధాని లేఖ: పందెపు సైకిలుకు స్వదేశీ ఫ్రేము ఎప్పుడు?

రాజధానిలో యమున ఒడ్డుకు చేరువగా, ఇందిరాగాంధీ క్రీడా ప్రాంగణంలో 250 మీటర్ల కలప ట్రాక్ ఒకటి ఉన్నది. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం దానిని నిర్మించారు. 1982 ఆసియా క్రీడల నాడే ఢిల్లీలో సైకిలు పందేలకు ప్రత్యేకంగా వెలోడ్రోమ్ వెలసింది. లూధియానా, పాటియాలా, అమృత్‌సర్, తిరువనంతపురంలలోనూ ఇటువంటి ట్రాక్‌లు ఉన్నాయి. 2002లో జాతీయ క్రీడలు జరిగిన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణలో కూడా ఒకటి ఉన్నది. ట్రాక్‌లకు కొరత లేదు. వాటి మీద పరుగెత్తవలసిన సైకిలుకు మాత్రం మన జట్టు ప్రధానంగా విదేశీ తయారీదారుల మీదనే ఆధారపడవలసి వస్తున్నది. ప్రపంచంలో చైనా తరువాత అత్యధికంగా సైకిళ్ళు తయారు చేసే దేశానికి ఈ పరిస్థితి ఎందుకు దాపురించింది?

ముందుగా ఆ సైకిలు ఎటువంటిదో తెలుసుకోవాలి. మనం వీధిలో చూసే సైకిలుకు వెనుక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్ సైకిలుకు ఈ సౌకర్యం లేదు. వెనుక పళ్ళచక్రం హబ్బుకు స్థిరంగా బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరిగి తీరవలసిందే. దీనినే ఫిక్స్‌డ్ గేర్ అంటారు. పందెపు ట్రాక్ మీద బ్రేకులు నిషిద్ధం. అందరూ బ్రేకు లేకుండా ఒకరి వెనుక ఒకరు పోతున్నప్పుడు ఒక్కరు హఠాత్తుగా ఆగితే వెనుకనున్న వారందరూ కూలిపోతారు. వేగం తగ్గించాలంటే కాళ్ళతో పెడలును ఎదురొత్తవలసినదే తప్ప వేరు మార్గం లేదు.

ఇంత నిరాడంబరమైన యంత్రానికి ఫ్రేము ఎన్నిక మాత్రం సులభం కాదు. ట్రాక్ మలుపులు సుమారు 42 నుంచి 45 డిగ్రీల వాలులో ఉంటాయి. అక్కడ పెడలు నేలకు తగిలితే ప్రమాదం. కనుక క్రాంకులు అమరే బాటమ్ బ్రాకెట్‌ను సాధారణ సైకిలు కన్నా ఎత్తుగా పెడతారు. క్రాంకులు కూడా తరచు 165 మిల్లీమీటర్ల పొట్టివే ఎంచుకుంటారు. వెనుక చక్రపు ఇరుసు కూర్చునే గాడి వెనుకవైపునకు తెరుచుకొని ఉండాలి. గేర్లు మార్చే పరికరం ఉండదు గనుక, చక్రాన్ని వెనుకకు జరిపే చైను బిగువు సరిచేసుకోవాలి. ఆ రెండు గాడుల మధ్య దూరం 120 మిల్లీమీటర్లు ఉండటం ఆనవాయితీ. చైను వదులైతే జారిపోతుంది. జారిన మరుక్షణం ఆ సైకిలుకు వేగం తగ్గించే సాధనమే లేకుండా పోతుంది.

ఇక విడిభాగాలు. మన ఊళ్ళలో తిరిగే నల్ల రోడ్‌స్టర్ సైకిలుకు, ట్రాక్ సైకిలుకు కొంత బంధుత్వం ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు. రెండింటికీ సాధారణంగా అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు గల చైనే వాడతారు. ఫ్రీవీలు బిగించే మరలు, స్థిర పళ్ళచక్రం బిగించే మరలు కూడా ఒకే కొలతవి. ఇది చూసి ఇటీవలి కాలంలో నగరాల యువకులు కొందరు పాత రోడ్‌స్టర్ హబ్బుకే స్థిర పళ్ళచక్రం బిగించి వీధుల్లోకి వస్తున్నారు. ఇది అపాయకరం. అసలైన ట్రాక్ హబ్బు మీద ఆ పళ్ళచక్రానికి వెలుపల మరొక మెట్టు ఉంటుంది. దానికి ఎడమ మరలు కోసి, లాక్‌రింగ్ బిగిస్తారు. పెడలును ఎదురొత్తినప్పుడు పళ్ళచక్రం విడిపోకుండా కాపాడేది అదే. రోడ్‌స్టర్ హబ్బుకు ఆ మెట్టు లేదు. చౌకలో చేసిన ఆ మార్పిడి కూడలిలో ప్రాణం మీదికి తేగలదు. వీధిలో తొక్కదలచిన వారికి అసలు ట్రాక్ హబ్బు, ముందు చక్రానికి ఒక మంచి బ్రేకు, ఈ రెండూ తప్పనిసరి.

పళ్ళ లెక్కలోనూ విజ్ఞత కావాలి. ముందు చైన్‌వీలుకు 48 పళ్ళు, వెనుక 16 పళ్ళు ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం మూడు చుట్లు తిరిగి సుమారు 6.3 మీటర్లు పోతుంది. మన రోడ్‌స్టర్‌కు 44, 18 పళ్ళు ఉంటే సుమారు అయిదున్నర మీటర్లే. అయితే 48ని 16 నిశ్శేషంగా భాగిస్తుంది. కాళ్ళు బిగబట్టి చక్రాన్ని ఈడ్చి ఆపేవారికి ప్రతిసారీ టైరు ఒకేచోట అరిగి, ఆ చోటే తెగిపోతుంది. 47, 17 పళ్ళు ఎంచుకుంటే ఆ అరుగుదల 17 చోట్లకు పంపిణీ అవుతుంది. పైసా ఖర్చు లేకుండా, కేవలం లెక్కతో కలిగే లాభమిది.

ఈ విషయాలేవీ మన పరిశ్రమకు అందని బ్రహ్మవిద్యలు కావు. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ వెలసింది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో ఆరంభమయ్యాయి. టి.ఐ.కి సహకరించిన బ్రిటిష్ సంస్థ ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ అధీనంలోనే ఆనాడు రెనాల్డ్స్ కంపెనీ ఉండేది. 1935లో ఆ కంపెనీ ప్రవేశపెట్టిన 531 అనే మాంగనీసు-మాలిబ్డినం ఉక్కు గొట్టాలతోనే కొన్ని దశాబ్దాల పాటు ఐరోపా పందెపు సైకిళ్ళు తయారయ్యాయి. మాతృసంస్థ చేతిలో తేలికైన ఉక్కు ఉన్నా, మన సామాన్యుడికి దక్కినది మాత్రం బస్తాల బరువు మోయగల రోడ్‌స్టర్. అందులో తప్పు లేదు. పాలవాడికీ, తపాలా జవానుకూ ఆనాడు కావలసినది అదే. 2011 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో నూటికి సుమారు 45 కుటుంబాలకు సైకిలు ఉన్నది. కాని సంఖ్యను సాధించిన పరిశ్రమ నాణ్యతలో పై మెట్టు ఎక్కడానికి తగినంత ఆసక్తి చూపలేదు. చిన్న పరిశ్రమలకు ప్రత్యేకించిన వస్తువుల జాబితాలో ఎన్నో సైకిలు విడిభాగాలు ఉండేవి. ఆ రక్షణ లూధియానా గల్లీల్లో వేలాది కుటుంబాలకు అన్నం పెట్టింది. ఆ కార్ఖానాలకు కొత్త ఉక్కును, కొత్త కొలతలను నేర్పే బాధ్యత మాత్రం ఎవరూ గట్టిగా స్వీకరించలేదు. చివరకు 2020 జూన్ 3న, ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడింది.

ఈ సందర్భంలో జపాన్ ఉదాహరణ గమనార్హం. యుద్ధంలో చితికిపోయిన ఆ దేశం 1948లో సైకిలు పందేలకు ఒక చట్టం చేసింది. పందేలపై వచ్చిన ఆదాయంలో కొంత స్థానిక సంస్థలకు, కొంత సైకిలు పరిశ్రమాభివృద్ధికి కేటాయించింది. కైరిన్ అనే ఆ పందేలలో వాడే ఫ్రేము, హబ్బు, క్రాంకు మొదలైనవి ఆమోదముద్ర పొందినవై ఉండాలి. ఫ్రేము ఉక్కుదే కావాలి. ధనవంతుడైన పోటీదారు ఖరీదైన యంత్రంతో గెలవకుండా ఉండటం దీని ఉద్దేశం. దీనివల్ల మరొక ఫలితం కూడా కలిగింది. ఒకరిద్దరు పనివాళ్ళు చేత్తో గొట్టాలు అతికే చిన్న కార్ఖానాలు అక్కడ బతికి బట్టకట్టాయి. 1977 నుంచి 1986 వరకు వరుసగా పదిసార్లు ప్రపంచ స్ప్రింట్ విజేతగా నిలిచిన కొయిచి నకానో అటువంటి కార్ఖానా ఫ్రేము మీదనే పరుగెత్తాడు. జూదాన్ని మనం అనుకరించనక్కరలేదు. ప్రమాణం నిర్ణయించి, పరీక్షించి, దానికి గిట్టుబాటు కల్పించే పద్ధతిని అనుకరించవచ్చు.

మనకు క్రీడాకారులు లేరని చెప్పే వీలు ఇక లేదు. 2004 సునామీని తట్టుకొని బతికిన డెబోరా హెరాల్డ్ అండమాన్ నికోబార్ దీవుల నుంచి వచ్చింది. 2019లో జర్మనీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీలలో ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌ల జట్టు టీమ్ స్ప్రింట్‌లో స్వర్ణం సాధించింది. 2022లో ఈ ఢిల్లీ ట్రాక్ మీదనే రొనాల్డో సింగ్ ఆసియా స్ప్రింట్ పోటీలో రజతం గెలుచుకున్నాడు. వీరంతా అండమాన్ నికోబార్, మణిపూర్ బిడ్డలు. అయినా 1964 టోక్యో తరువాత 2024 పారిస్ వరకు ఒలింపిక్స్‌లో భారత సైక్లిస్టు ఒక్కరూ పాల్గొనలేదు. జాతీయ శిబిరానికి ఎంపికైన వారికి విదేశీ సైకిలు దొరుకుతుంది. శిబిరానికి రాకముందు జిల్లా స్థాయిలో సాధన చేసే పేద పిల్లవాడి సంగతేమిటి? వాడికి కావలసినది లక్షల ఖరీదు గల కార్బన్ ఫ్రేము కాదు. సరైన కొలతలు గల ఉక్కు ఫ్రేము, లాక్‌రింగ్ గల హబ్బు, నమ్మదగిన చైను ఉంటే చాలు.

2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ళపై జి.ఎస్.టి. 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఇది హర్షణీయమే. కాని పన్ను తగ్గినంత మాత్రాన తయారు కాని వస్తువు తయారు కాదు. లూధియానాలో సైకిలు, కుట్టుమిషన్ల పరిశోధనాభివృద్ధి కేంద్రం ఉన్నది. ఆ ఊళ్ళోనే వెలోడ్రోమ్ ఉన్నది. గొట్టం అతకడంలో ఆరితేరిన చేతులూ అక్కడే ఉన్నాయి. క్రీడా శాఖ, పరిశ్రమల శాఖ ఒకచోట కూర్చుని సాధన సైకిలుకు ఒక జాతీయ ప్రమాణం నిర్ణయించాలి. రాష్ట్రాల క్రీడా సంస్థలు ఏటా కొన్ని వందల ఫ్రేములు కొనడానికి ముందుగానే ఒప్పుకోవాలి. ఆ గిరాకీ కనిపిస్తే చిన్న కార్ఖానాలు తామే ముందుకు వస్తాయి. ఈ రెండు శాఖల కార్యాలయాల మధ్య దూరం సైకిలు మీద కొద్ది నిమిషాల ప్రయాణం. ఇన్నేళ్ళుగా ఆ ప్రయాణం జరగకపోవడమే అసలు లోపం.